గ్రోత్ ఫ్యాక్టర్ వేస్తే అండాశయ కణం ఏం చేస్తుంది: డిష్‌లో తేల్చుకునే పద్ధతి

అండాశయంలో హార్మోన్లు తయారుచేసే కణాల మీద గ్రోత్ ఫ్యాక్టర్ల (కణాల్ని పెరగమనీ, పని మార్చుకోమనీ చెప్పే ప్రొటీన్ల) ప్రభావం చూద్దామని ల్యాబ్‌లో దిగినవాళ్ళలో చాలామంది మొదట్లో ఒకటే తప్పు చేస్తారు. నేనూ చేశాను. ఐజీఎఫ్-1 (ఇన్సులిన్‌ని పోలిన గ్రోత్ ఫ్యాక్టర్) వేశాను, రెండు రోజులాగి ఈస్ట్రడయాల్ (ముఖ్యమైన ఈస్ట్రోజెన్) కొలిచాను, తేడా ఏమీ లేదు. మళ్ళీ వేశాను, మళ్ళీ లేదు. కొన్న ఐజీఎఫ్ పాడైపోయి వచ్చిందేమోనని కొత్త వయల్ తెప్పించాను, అదీ అంతే. ఇలా నాలుగు నెలలు పోయాక తెలిసింది, ఐజీఎఫ్ బాగానే ఉంది, తప్పంతా నా మీడియంలోనే, అంటే కణాల్ని పెంచే ద్రవంలోనే ఉంది. అదేమిటో కింద చెబుతాను. ముందే ఒక మాట మాత్రం గుర్తుపెట్టుకోండి: ఫలానా గ్రోత్ ఫ్యాక్టర్ ఈస్ట్రోజెన్‌ని పెంచుతుందా తగ్గిస్తుందా అన్న ప్రశ్నకి ఒంటరిగా జవాబు ఉండదు. ఏ దశలో ఉన్న కణం, పక్కన ఇంకేమున్నాయి, చివర్లో వచ్చిన హార్మోన్‌ని దేంతో భాగించారు, ఈ మూడూ కలిస్తేనే జవాబు.

ఎవరి పని ఏమిటి

అండం పెరిగే సంచిని ఫాలికల్ అంటారు, దాంట్లో రెండు రకాల కణాలు పని పంచుకుంటాయి. బయటి పొరలోని థీకా కణాలు పిట్యూటరీ గ్రంథి పంపే ఎల్‌హెచ్ హార్మోన్ మాట విని కొలెస్ట్రాల్ నుంచి ఆండ్రోజెన్ (మగ హార్మోన్ల రకం) చేస్తాయి. లోపలి గ్రాన్యులోసా కణాలు అదే గ్రంథి పంపే ఎఫ్‌ఎస్‌హెచ్ మాట విని, ఆ ఆండ్రోజెన్‌ని అరోమటేజ్ అనే ఎంజైముతో ఈస్ట్రడయాల్‌గా మారుస్తాయి. గ్రాన్యులోసాకి ఆండ్రోజెన్ సొంతంగా చేసుకునే సత్తా దాదాపు లేదు, ఎందుకంటే దానికి కావలసిన సివైపి17ఏ1 ఎంజైము థీకాలోనే ఉంటుంది. కాబట్టి డిష్‌లో గ్రాన్యులోసా ఒక్కటే ఉన్నప్పుడు ముడిసరుకు మీరే ఇవ్వాలి. ఆండ్రోస్టెన్‌డయోన్ 100 నానోమోలార్, అంటే మిల్లీలీటరుకి సుమారు 29 నానోగ్రాములు వేస్తే సరిపోతుంది. కొందరు టెస్టోస్టెరాన్ వాడతారు, అదీ పర్వాలేదు. ఇది మర్చిపోయి ఈస్ట్రడయాల్ రాలేదని టెన్షన్ పడ్డవాళ్ళని ఇద్దరు ముగ్గుర్ని చూశాను. పిండి పోయకుండా రొట్టె రాలేదంటే ఎలా?

గ్రోత్ ఫ్యాక్టర్లు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్‌ల మాటని గట్టిగా వినిపించేవో, వినబడకుండా చేసేవో అనుకోండి. ఐజీఎఫ్-1 ఎఫ్‌ఎస్‌హెచ్‌కి తోడు నిలుస్తుంది, రెండూ కలిస్తే అరోమటేజ్ పెరుగుదల ఆ రెంటినీ విడివిడిగా వేసి కూడిన దానికన్నా ఎక్కువగా ఉంటుంది. ఈజీఎఫ్, ఎఫ్‌జీఎఫ్-2 అనే గ్రోత్ ఫ్యాక్టర్లు కణాల్ని విభజించమని తోస్తాయి, అదే సమయంలో ఎఫ్‌ఎస్‌హెచ్ తెచ్చే అరోమటేజ్‌ని తగ్గిస్తాయి. బీఎంపీలనే గ్రోత్ ఫ్యాక్టర్ల కుటుంబం ఇంకో రకం. థీకా నుంచి వచ్చే బీఎంపీ-4, బీఎంపీ-7 ఎలుక గ్రాన్యులోసాలో ఎఫ్‌ఎస్‌హెచ్ వల్ల వచ్చే ఈస్ట్రడయాల్‌ని పెంచి ప్రొజెస్టెరాన్‌ని తగ్గిస్తాయని 1999లోనే చూపించారు. అంటే ఒకే ఫ్యాక్టర్ ఒక హార్మోన్‌ని పైకి, ఇంకోదాన్ని కిందికి నెట్టగలదు. ఒక్క హార్మోన్ కొలిచి ఊరుకుంటే సగం కథే తెలుస్తుందని ఇందుకే అంటాను.

అండం కూడా ఊరికే కూర్చోదు. జీడీఎఫ్-9, బీఎంపీ-15 అనే రెంటిని విడుదల చేసి చుట్టూ ఉన్న గ్రాన్యులోసాని నడిపిస్తుంది. మోతాదు ఎంత ముఖ్యమో తెలియాలంటే ఇన్వర్‌డేల్ గొర్రెల్ని చూడాలి. వాటిలో బీఎంపీ-15 జన్యువు ఒక కాపీ చెడితే ఒక్కో ఈతకి పిల్లలు ఎక్కువ పుడతాయి, రెండు కాపీలూ చెడితే ఆ గొర్రె గొడ్డుపోతుంది. దీనికి కారణమైన మ్యుటేషన్ 2000లో బయటపడింది. అదే జన్యువు, అదే జాతి, మోతాదు మారితే ఫలితం తలకిందులు. డిష్‌లో ఒకే ఒక్క డోసు వేసి తీర్పు చెప్పేవాళ్ళు ఈ గొర్రెని ఒకసారి తలుచుకోవాలి.

కణాలు ఎక్కడివి తీసుకోవాలి

మూడు దారులున్నాయి. మొదటిది కబేళా నుంచి తెచ్చే ఆవు, గేదె లేదా పంది అండాశయాలు. నా ఓటు దీనికే, ఎందుకంటే ఫాలికల్ సైజు చూసి దశ ఎంచుకోవచ్చు. ఆవులో 1 నుంచి 5 మిల్లీమీటర్ల చిన్న ఫాలికల్స్ కణాలకి ఎఫ్‌ఎస్‌హెచ్ రిసెప్టర్ (ఆ హార్మోన్‌ని పట్టుకునే ప్రొటీన్) ఉంటుంది గానీ ఎల్‌హెచ్ రిసెప్టర్ ఇంకా రాదు. 8 మిల్లీమీటర్లు దాటిన పెద్ద ఫాలికల్ కణాలు ఎల్‌హెచ్‌కి కూడా పలుకుతాయి. రెండు సైజుల్నీ ఒకే ట్యూబులో కలిపేశారంటే మీ ప్రయోగం అక్కడే అయిపోయింది.

రెండోది ఐవీఎఫ్ సమయంలో అండాలు తీశాక మిగిలే మనిషి కణాలు. అనుమతులు, సంతకాలు ఉంటే దొరుకుతాయి, కానీ ఎల్‌హెచ్‌లా పనిచేసే హెచ్‌సీజీ ఇంజక్షన్ పడ్డాక తీసినవి కాబట్టి అవి అప్పటికే ల్యూటియల్ కణాలుగా (అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ చేసే కణాలుగా) మారే దారిలో ఉంటాయి. ప్రొజెస్టెరాన్ ప్రశ్నలకి మంచివి, పెరిగే ఫాలికల్ గురించిన ప్రశ్నలకి కావు.

మూడోది సెల్ లైన్లు, అంటే ల్యాబ్‌లో ఎడతెగక పెరిగే కణాలు. కేజీఎన్ బాగా వాడుకలో ఉంది, ఆండ్రోస్టెన్‌డయోన్ ఇస్తే ఈస్ట్రడయాల్ చేస్తుంది. అయితే అది ట్యూమర్ నుంచి వచ్చింది, పెద్దవాళ్ళ గ్రాన్యులోసా ట్యూమర్లలో దాదాపు అన్నిట్లో కనబడే ఫాక్స్ఎల్2 మ్యుటేషన్ దానిలోనూ ఉంది. సీఓవీ434 సంగతి ఇంకా విచిత్రం. ఏళ్ళ తరబడి దాన్ని గ్రాన్యులోసా కణమనుకుని పేపర్లు రాశారు, తీరా చూస్తే అది అండాశయంలో వచ్చే ఇంకో రకం క్యాన్సర్, స్మాల్ సెల్ కార్సినోమా, కణమని తేలింది. పాత పేపర్ చదివేటప్పుడు ఏ లైన్ వాడారో ముందు చూడండి.

కణాలు తీయడం, పరచడం

ఇక్కడి నుంచి ఆవు అండాశయాలతో చేసే పద్ధతి చెబుతాను. యాంటీబయాటిక్ కలిపిన సెలైన్‌లో తెచ్చిన అండాశయాల్ని బాగా కడిగి, 70 శాతం ఆల్కహాల్‌లో ఒక్కసారి ముంచి తీసి మళ్ళీ సెలైన్‌లో కడగాలి. సన్న సూదితో చిన్న ఫాలికల్స్ ద్రవాన్ని లాగండి, గట్టిగా లాగొద్దు, గట్టిగా లాగితే కణాలు చితికిపోతాయి, పైగా గోడ చిరిగి థీకా కూడా వచ్చేస్తుంది. గుంపుగా ఉన్న కణాల మధ్య పెద్ద అండాలు కనబడతాయి, వాటిని మైక్రోస్కోపు కింద ఏరి పక్కన పెట్టండి, లేకపోతే అవి వదిలే జీడీఎఫ్-9 మీ లెక్కలో కలుస్తుంది. సెంట్రిఫ్యూజ్ చేసి రెండు మూడుసార్లు కడగాలి. పెల్లెట్ ఎర్రగా ఉంటే ఎర్ర రక్తకణాల్ని పగలగొట్టే బఫర్ ఒక నిమిషం చాలు.

చచ్చిన కణాలకే పట్టే ట్రిపాన్ బ్లూ రంగుతో లెక్క పెట్టినప్పుడు సగం దాకా నీలంగా కనబడితే కంగారు పడకండి, సూదితో లాగిన గ్రాన్యులోసాలో చచ్చినవి ఎక్కువే ఉంటాయి. బతికున్నవాటినే లెక్కలోకి తీసుకుని, 24 వెల్స్ ప్లేట్‌లో వెల్‌కి 2 లక్షలు వేయండి. మరీ ఎక్కువ వేసి కిక్కిరిసిపోతే అరోమటేజ్ పడిపోయి ల్యూటియల్ వైపు జారిపోతాయి.

మీడియం డీఎమ్‌ఈఎమ్, హ్యామ్స్ ఎఫ్-12 సగం సగం, ఫినాల్ రెడ్ లేనిది. ఫినాల్ రెడ్ రంగుకి కొద్దిపాటి ఈస్ట్రోజెన్ గుణం ఉందని 1986 నుంచీ తెలుసు, అయినా చాలా ల్యాబ్‌ల ఫ్రిజ్‌లో ఎర్ర సీసానే ఉంటుంది. కణాలు అతుక్కోవడానికి మొదటి ఒకటి రెండు రోజులు 10 శాతం సీరం ఇవ్వచ్చు, 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్. ఆ తర్వాత సీరం లేని మీడియంతో రెండుసార్లు కడిగి సీరం పూర్తిగా తీసేయాలి. తీయకుండా వారం పెంచారంటే గుండ్రంగా గుంపులుగా ఉండాల్సిన కణాలు పల్చగా, పొడుగ్గా సాగిపోయి, ఈస్ట్రడయాల్ మానేసి ప్రొజెస్టెరాన్ మీద పడతాయి. మైక్రోస్కోపులో చూస్తేనే తెలిసిపోతుంది.

నా నాలుగు నెలల్ని తినేసిన ఇన్సులిన్

సీరం తీసేశాక కణాలు బతకాలని అందరూ ఐటీఎస్ అనే మిశ్రమం కలుపుతారు. ఇన్సులిన్, ట్రాన్స్‌ఫెరిన్, సెలీనియం. రెడీమేడ్‌గా వస్తుంది, సీసా మీద రాసినట్టు కలిపితే ఇన్సులిన్ మిల్లీలీటరుకి 5 నుంచి 10 మైక్రోగ్రాములు పడుతుంది. 10 మైక్రోగ్రాములంటే 10,000 నానోగ్రాములు. నేను గర్వంగా వేస్తున్న ఐజీఎఫ్ ఎంతో తెలుసా, 100 నానోగ్రాములు.

ఇన్సులిన్‌కి ఐజీఎఫ్ రిసెప్టర్ అంటే అంత మక్కువ లేదు గానీ, అంత మోతాదులో ఉంటే వెళ్ళి దాని మీద కూడా కూర్చుంటుంది. అంటే నా కంట్రోల్ వెల్స్‌లో కూడా ఐజీఎఫ్ రిసెప్టర్ అప్పటికే నిండుగా పనిచేస్తోంది. నేను పైన ఇంకొంచెం పోస్తున్నాను, కుండ ముందే నిండిపోయి ఉంది. ట్రాన్స్‌ఫెరిన్, సెలీనియం విడిగా కొని, ఇన్సులిన్ లేకుండా, 0.1 శాతం బీఎస్ఏతో (ఆవు సీరం నుంచి తీసే అల్బుమిన్ ప్రొటీన్) మీడియం కలిపిన మొదటిసారే తేడా కనబడింది. రెండు రోజుల ట్రీట్‌మెంట్‌కి కణాలు ఇన్సులిన్ లేకుండా తట్టుకుంటాయి. మీ దగ్గర తట్టుకోకపోతే మిల్లీలీటరుకి 10 నానోగ్రాములు ఇవ్వండి, మైక్రోగ్రాములు కాదు.

శరీరంలోనూ ఈ కథ నడుస్తుంది. పీసీఓఎస్ ఉన్న చాలామందిలో రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా ఉంటుంది, అది థీకా కణాల దగ్గర ఎల్‌హెచ్‌కి తోడై ఆండ్రోజెన్‌ని పెంచుతుంది. థీకా మీద పనిచేసేవాళ్ళు అందుకే ఇన్సులిన్ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఇంకో దాగుడుమూత ఉంది. గ్రాన్యులోసా కణాలు ఐజీఎఫ్‌ని పట్టి ఉంచే బైండింగ్ ప్రొటీన్లని కూడా వదులుతాయి, మీరు పోసినదాంట్లో కొంత వాటి చేతిలో చిక్కుకుంటుంది. ఫాలికల్ పెరిగి ముందుకొచ్చేకొద్దీ పీఏపీపీ-ఏ అనే ఎంజైము బైండింగ్ ప్రొటీన్-4ని కోసేసి ఐజీఎఫ్‌ని విడిపిస్తుంది, ముందుండే ఫాలికల్ నెగ్గడానికి ఇదీ ఒక కారణం. మీ డిష్‌లో ఐజీఎఫ్ వేసినా స్పందన బలహీనంగా ఉంటే ఎల్‌ఆర్3 ఐజీఎఫ్-1 పక్కన పెట్టి చూడండి. దాన్ని బైండింగ్ ప్రొటీన్లు సరిగ్గా పట్టుకోలేవు. అది పనిచేసి మామూలుది చేయలేదంటే దొంగ ఎవరో దొరికినట్టే.

ఫ్యాక్టర్ కలపడం

పొడి అంటుకుని ఉంటుంది కాబట్టి వయల్ తెరిచేముందు సెంట్రిఫ్యూజ్‌లో ఒక్క క్షణం తిప్పండి. దేంట్లో కరిగించాలో వయల్‌తో వచ్చిన కాగితంలో ఉంటుంది, అదే పాటించండి, కొన్నిటికి పలుచని యాసిడ్ కావాలి. ఈ ప్రొటీన్లు ప్లాస్టిక్‌కి అతుక్కుపోతాయి, అందుకని పలుచన చేసే ప్రతి ద్రావణంలో 0.1 శాతం బీఎస్ఏ ఉండాలి. చిన్న చిన్న భాగాలుగా పంచి మైనస్ 80లో పెట్టండి. ఒకసారి కరిగించింది మళ్ళీ గడ్డకట్టించొద్దు.

లెక్క ఇలా. 50 మైక్రోగ్రాముల ఐజీఎఫ్‌ని 500 మైక్రోలీటర్లలో కరిగిస్తే మిల్లీలీటరుకి 100 మైక్రోగ్రాముల స్టాక్. వెల్‌లో అర మిల్లీలీటరు మీడియం ఉంది, మీకు మిల్లీలీటరుకి 100 నానోగ్రాములు కావాలి, అంటే వెల్‌కి 50 నానోగ్రాములు. స్టాక్ నుంచి తీస్తే అర మైక్రోలీటరు వస్తుంది, దాన్ని ఎవరూ సరిగ్గా పిపెట్ చేయలేరు. పదింతలు పలుచన చేసి దాంట్లోంచి 5 మైక్రోలీటర్లు వేయండి. 10 నానోగ్రాముల డోసుకి ఇంకో పదింతలు పలుచన, మళ్ళీ అదే 5 మైక్రోలీటర్లు. కంట్రోల్‌కి బీఎస్ఏ ద్రావణం 5 మైక్రోలీటర్లు. ప్రతి వెల్‌లో పడే పరిమాణం ఒక్కటే ఉండాలి. ఆండ్రోస్టెన్‌డయోన్ ఆల్కహాల్‌లో కరుగుతుంది కనుక వెల్‌లో ఆల్కహాల్ 0.1 శాతం దాటకుండా చూసుకోండి, అది కంట్రోల్‌తో సహా అన్నిట్లో పడాలి.

కనీసం నాలుగు గుంపులు ఉండాల్సిందే: ఏమీ వేయనిది, ఎఫ్‌ఎస్‌హెచ్ ఒక్కటే, ఫ్యాక్టర్ ఒక్కటే, రెండూ కలిపి. ఈజీఎఫ్‌ని ఎఫ్‌ఎస్‌హెచ్ లేకుండా వేస్తే తగ్గించడానికి అక్కడ అరోమటేజే ఉండదు, ఏమీ చేయలేదని రాసేస్తారు. ఐజీఎఫ్‌కి 1, 10, 30, 100 నానోగ్రాముల డోసులు పెట్టండి. ఏ దారిలో పనిచేస్తోందో తెలియాలంటే ఐజీఎఫ్ సిగ్నల్ దారిలోని పీఐ3 కైనేజ్ ఎంజైముని ఆపే ఎల్‌వై294002, ఈజీఎఫ్ రిసెప్టర్‌ని ఆపే ఏజీ1478 లాంటివి ఫ్యాక్టర్ కన్నా ఒక అరగంట, గంట ముందు వేయాలి.

ఎల్‌హెచ్ వేసి ఈజీఎఫ్ లాంటి ప్రభావం వచ్చిందంటే ఆశ్చర్యపోకండి. ఎల్‌హెచ్ తగిలాక ఫాలికల్ గోడ దగ్గరి గ్రాన్యులోసా ఆంఫిరెగ్యులిన్, ఎపిరెగ్యులిన్, బీటాసెల్యులిన్ వదులుతాయి, అవి ఈజీఎఫ్ రిసెప్టర్ మీదే పనిచేసి అండం చుట్టూ ఉన్న కణాలకి కబురు చేరవేస్తాయి. 2004లో ఈ సంగతి తేలాకే, ఎల్‌హెచ్ రిసెప్టర్ పెద్దగా లేని ఆ కణాలు ఎల్‌హెచ్‌కి ఎలా స్పందిస్తున్నాయో అర్థమైంది.

ఎప్పుడు, ఏం కొలవాలి

ఏకేటీ లాంటి సిగ్నల్ ప్రొటీన్ల ఫాస్ఫరైలేషన్ (ఫాస్ఫేట్ తగిలి పనిలోకి దిగడం) చూడాలంటే 5 నుంచి 30 నిమిషాల్లో కణాల్ని ఆపాలి. ఎంఆర్‌ఎన్‌ఏ కోసం 6 నుంచి 24 గంటలు. హార్మోన్ కోసం 48 గంటలు. మీడియం తీసి ఫ్రీజ్ చేసి, ఈస్ట్రడయాల్, ప్రొజెస్టెరాన్ రెండూ ఎలైజా అనే యాంటీబాడీ పరీక్షలో కొలవండి. ఎంఆర్‌ఎన్‌ఏలో సివైపి19ఏ1 (అరోమటేజ్ జన్యువు), ప్రొజెస్టెరాన్ తయారీ దారిలోని సివైపి11ఏ1, స్టార్, ఎఫ్‌ఎస్‌హెచ్ రిసెప్టర్ చూస్తే చాలావరకు కథ తెలుస్తుంది.

కణాలు లేని ఒక వెల్‌లో ఆండ్రోస్టెన్‌డయోన్‌తో సహా అంతా వేసి పక్కన పెట్టడం మరవకండి. మీ కిట్ యాంటీబాడీ ఆండ్రోజెన్‌ని కూడా ఎంతో కొంత ఈస్ట్రడయాల్‌గా చదువుతుంటే ఆ ఖాళీ వెల్ చెప్పేస్తుంది.

ఇక భాగించడం. ఊహకి ఒక లెక్క వేద్దాం. ఎఫ్‌ఎస్‌హెచ్ వెల్‌లో 200 పికోగ్రాముల ఈస్ట్రడయాల్, కణాలు లక్ష. ఎఫ్‌ఎస్‌హెచ్‌తో పాటు ఈజీఎఫ్ వేసిన వెల్‌లో 180 పికోగ్రాములు, కణాలు లక్షా 80 వేలు. వెల్ లెక్కన చూస్తే 10 శాతమే తగ్గింది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. వెయ్యి కణాలకి లెక్కేస్తే మొదటిదాంట్లో 2 పికోగ్రాములు, రెండోదాంట్లో 1. సగానికి సగం పోయింది. కణాలు పెరిగి ఆ నష్టాన్ని కప్పేశాయి, అంతే. ఐజీఎఫ్‌తో దీనికి ఎదురు మోసం జరుగుతుంది, కణాల సంఖ్య పెరగడం వల్ల వచ్చిన ఈస్ట్రడయాల్‌ని కూడా అరోమటేజ్ ఖాతాలో రాసేస్తాం. కాబట్టి మీడియం తీసిన అదే వెల్‌లో కణాల్ని ట్రిప్సిన్‌తో లేపి లెక్కపెట్టండి, కుదరకపోతే డీఎన్ఏ కొలవండి. ప్రొటీన్‌తో భాగించడం నాకంతగా నచ్చదు, గ్రోత్ ఫ్యాక్టర్ వేస్తే ఒక్కో కణంలో ప్రొటీన్ కూడా పెరుగుతుంది కదా.

కంట్రోల్ వెల్స్‌లో రోజురోజుకీ ప్రొజెస్టెరాన్ ఎక్కుతూ ఈస్ట్రడయాల్ పడిపోతుంటే కణాలు ల్యూటియల్ దారి పట్టాయని అర్థం. ఆ బ్యాచ్ ఫలితాల్ని పెరిగే ఫాలికల్ గురించి చెప్పడానికి వాడకండి.

చివరిగా ఎన్‌ని, అంటే ఎన్ని విడి ప్రయోగాలు చేశారన్న సంఖ్యని, ఎలా లెక్కించాలన్నది. ఒకే రోజు తెచ్చిన అండాశయాల కణాలన్నీ కలిపి 12 వెల్స్‌లో వేస్తే మీ ఎన్ 12 కాదు, 1. ఆ 12 వెల్స్ మీ పిపెట్ ఎంత నిలకడగా ఉందో చెబుతాయి, అంతే. వేరే వేరే రోజుల్లో తెచ్చిన అండాశయాలతో కనీసం మూడుసార్లు, వీలైతే ఐదారుసార్లు చేయండి. ప్రతిసారీ నాలుగు గుంపులూ అదే ప్లేట్‌లో ఉండాలి, లెక్క కట్టేటప్పుడు బ్యాచ్‌ని ఒక బ్లాక్‌గా పెట్టాలి, అంటే ఏ రోజు పోలిక ఆ రోజులోనే చేయాలి, ఎందుకంటే ఒక రోజు కణాలకీ ఇంకో రోజు కణాలకీ ఈస్ట్రడయాల్‌లో రెండు మూడింతల తేడా వచ్చినా వింతేమీ కాదు. కొత్త బ్యాచ్ మీడియం కలిపినప్పుడు సీసా మీద తేదీతో పాటు ఇన్సులిన్ ఉందా లేదా అన్నది కూడా రాసుకోండి, మా ఫ్రిజ్‌లో ఇప్పుడు ఆ మాట ఎర్ర మార్కర్‌తో ఉంటుంది.